చెవి ఇచ్చేసిన చిత్రకారుడు

నిన్న మధ్యాహ్నం నా మనవరాలు స్మృతి నగర్‌లో వేసవి బొమ్మల క్లాసు నుంచి వచ్చి, నా చేతిలో మట్టితో చేసిన వస్తువొకటి పెట్టింది. ఇంకా తడి ఆరలేదు. అదేమిటో తెలియక వేలితో నొక్కబోయాను.

"నానీ, దబావో మత్! కాన్ హై!" అని అరిచింది.

చూస్తే నిజంగానే చెవి. తమ్మె, మడతలు అన్నీ కుదిరాయి. ఎవరి చెవే అని అడిగాను. పసుపుపచ్చ పొద్దుతిరుగుడు పూలు వేసిన విదేశీ చిత్రకారుడు ఉన్నాడు కదా, ఆయనదట. స్నేహితుడు తనని వదిలి వెళ్ళిపోతున్నాడన్న బాధలో ఆయన తన చెవి తానే కోసుకున్నాడట. దాన్ని కాగితంలో చుట్టి తీసుకెళ్ళి ఒక ఆడమనిషి చేతిలో పెట్టాడట. క్లాసులో పిల్లలందరూ తలా ఒక చెవి చేశారట. ఎనిమిదేళ్ళ పిల్ల, లడ్డూ తింటున్నంత హాయిగా చెప్పింది ఇదంతా.

"చెవి కాదే తల్లీ, తాళం చెవి. ఇంటి తాళం చెవి ఇచ్చేశాడు" అన్నాను.

పిల్ల నా వంక జాలిగా చూసింది. "చాబీ నహీ నానీ. కాన్." అర్థం కాలేదేమోనని తన చెవి పట్టుకుని లాగి చూపించింది.

పక్క గదిలోంచి అల్లుడు వచ్చాడు. "అదేంటత్తయ్యా, ఇది ప్రపంచమంతటికీ తెలుసు కదా" అంటూ ఫోన్‌లో బొమ్మ చూపించాడు. తలకి కట్టు కట్టుకుని, పైపు కాలుస్తూ, ఆ మనిషి నన్నే చూస్తున్నాడు.

ప్రపంచమంతటికీ తెలుసేమో, నాకు తెలీదు. అరవై దాటిన దాన్ని. పద్దులు చదివాను, పద్దులే రాశాను, బొమ్మల జోలికి మళ్ళీ పోలేదు. చిన్నప్పటి నుంచి నిన్నటి దాకా ఆయన ఇంటి తాళం చెవి ఇచ్చేశాడనే నమ్మాను. నా పిల్లలకి అన్నం ముద్దలు పెడుతూ అదే కథ చెప్పాను. నా కూతురు కూడా నమ్మింది పాపం. నిన్న అది నన్ను చూసిన చూపు చెప్పుకోకపోతేనే మంచిది. నా బెంగ అది కాదు. ఆ తాళం చెవి మీద ఒక మనిషి ప్రాణం నిలబడింది. ఇంకో మనిషి పరువు పోయింది.

అప్పుడు మేము ప్లాంటు వాళ్ళ సెక్టార్‌లో, మూడంతస్తుల బ్లాకులో, కింది క్వార్టర్‌లో ఉండేవాళ్ళం. నాన్న ఉక్కు ప్లాంటులో క్రేన్ నడిపేవాడు. సొంతూరు శ్రీకాకుళం దగ్గర పల్లె, ఉద్యోగం కోసం ఈ హిందీ ఊరికి వచ్చాడు. పొద్దున్న తుడిచిన కిటికీ గడప మీద సాయంత్రానికి ఎర్రటి ధూళి పేరుకునేది. ఆరేసిన తెల్ల చొక్కా తెల్లగా ఇంట్లోకి వచ్చిన రోజు నాకు గుర్తులేదు. మే నెలలో ప్రతి కిటికీకీ కూలరు, కూలరులో తడిసిన వట్టివేళ్ళు. ఆ వాసన ఇప్పటికీ ఎక్కడ తగిలినా, నానమ్మ ఆవ పెట్టిన పనసపొట్టు కూర కలిపి ముద్ద చేతిలో పెట్టినట్టే ఉంటుంది.

బ్లాకులో పిల్లలం, మా తెలుగు ఘోరంగా ఉండేది. "అమ్మా, భూక్ లగింది", "నాన్నా, నాకు డర్ లగుతోంది" అనేవాళ్ళం, ఆకలి, భయం అన్న మాటలే రానట్టు. ఒకసారి ఊళ్ళో మా తాతతో అలాగే మాట్లాడితే ఆయన నిర్ఘాంతపోయి, "ఈ గుంటకేటైనాదిరా, ఏ దేశం బాస మాటాడతంది?" అని నాన్నని అడిగాడు. నాన్నకి తల కొట్టేసినట్టయింది. తిరిగొచ్చిన వారమే బ్లాకులో నలుగురు తెలుగువాళ్ళని కూడగట్టి, ఎదురు బ్లాకు టీచరమ్మ దగ్గర మా అందరికీ తెలుగు పెట్టించాడు.

టీచరమ్మది కోస్తా. బడిలో డ్రాయింగు చెప్పేది. ఒక్కర్తే ఉండేది. ఆదివారం తెల్ల చీర కట్టుకుని చర్చికి వెళ్ళేది. మనిషి దగ్గరికొస్తే నీలగిరి తైలం వాసన. మొదటి రోజు పలకల మీద అ ఆలు దిద్దించింది. ఆవలించాం. రెండో రోజూ ఆవలించాం. ఆవిడ ఇక పలకలు లోపల పెట్టేసి, పాత పత్రికల్లోంచి కత్తిరించి అట్టలకి అంటించిన రంగుల బొమ్మలు తెచ్చి వరండాలో పరిచింది. ఒక్కో చిత్రకారుడి కథా తెలుగులో చెప్పేది. ఆయన ఎలా వేశాడో మేమూ అలా వేయాలి. తెలుగులోనే జవాబు చెప్పాలి. క్లాసు అయ్యాక తలా రెండు గులాబీ పువ్వులు పెట్టేది. అచ్చు నూనెలో ముంచి చేస్తారే, కరకరలాడేవి, అవి. నోట్లోంచి ఒక్క హిందీ ముక్క వచ్చిందా, గులాబీ పువ్వు పోయినట్టే. అందుకని ఎవరం ప్రశ్నలు వేసేవాళ్ళం కాదు. ప్రశ్న వేయాలంటే తెలుగు రావాలి కదా.

చిత్రకారుల పేర్లు మాకు నోరు తిరిగేవి కావు. మేమే చుట్టరికాలు కలుపుకున్నాం. చుక్కలు చుక్కలుగా వేసినాయన చుక్కల మావయ్య. లక్ష్మీ సరస్వతులకి మన చీరలు కట్టినాయన క్యాలెండర్ బాబాయి. చర్చి పైకప్పుకి బొమ్మలేసినాయన పైకప్పు తాత. ఆయన వంతు వచ్చిన రోజు టీచరమ్మ బల్లల కింద గంజితో కాగితాలు అంటించి, మమ్మల్ని వెల్లకిలా పడుకోబెట్టింది. రంగు కొనక్కర్లేదు. కిటికీల మీద ఎర్ర ధూళి చీపురుతో ఊడ్చి, తుమ్మజిగురు కలిపితే అదే రంగు. అది కళ్ళలో పడింది, నోట్లో పడింది, చెవుల్లోకి కారింది. నేను ఇంటికొచ్చేసరికి నానమ్మ బియ్యం ఏరుతోంది. నా తల చూసి చేట వదిలేసి, "ఓలమ్మో! గుంట తలకాయ పగిలీసినాదిరో!" అని వీధంతా వినబడేలా అరిచింది. అమ్మ పరుగెత్తుకొచ్చి, వెతికి వెతికి, గాయం దొరక్క ఆఖరికి నాకు రెండు తగిలించింది.

మర్నాడు నేను నానమ్మ మంచం కింద కాగితం అంటించి పనిలో పడ్డాను. మంచం మీద కునుకు తీస్తున్న నానమ్మ కింద గీకుడు విని పందికొక్కు దూరిందని కర్ర పుచ్చుకుంది. పైకప్పు తాతకి ఇలాంటి కష్టాలు వచ్చి ఉండవు.

ఆ తరువాత వచ్చాడు పసుపు మావయ్య. ముందు ఆయన పూలు వేశాం. తరువాత ఆయన గది. ఒక మంచం, రెండు కుర్చీలు, సగం తెరిచిన కిటికీ. ఇది ఆయన ఇల్లు, స్నేహితుడు వచ్చి ఉంటాడని ఆశపడి సర్దుకున్న ఇల్లు అని చెప్పి, మీ మీ గదులు వేయండి అంది టీచరమ్మ. నేను మా ముందు గది వేశాను. నాన్న హెల్మెట్, కూలరు, తలుపు పక్కన మేకు, మేకుకి తాళం చెవి. మేము కుంచెలు కడుక్కుంటుంటే ఆవిడ మిగతా కథ చెప్పింది.

"ఆ స్నేహితుడు ఉండలేదర్రా. పోట్లాడి వెళ్ళిపోయాడు. ఈయనకి ఎంత బాధ కలిగిందంటే, ఏం చేస్తున్నాడో తెలియకుండా తన చెవి తీసి, తీసుకెళ్ళి ఒక దిక్కులేని ఆడమనిషి చేతిలో పెట్టేశాడు. 'ఇది జాగ్రత్తగా ఉంచు' అన్నాడు."

చిన్నపిల్లలు జడుసుకుంటారని కత్తి సంగతి ఎత్తలేదు కాబోలు. కోశాడు అనలేదు, తీశాడు అంది. మా ఇంట్లో రోజుకి పదిసార్లు వినబడే మాట అది. "చెవి ఎక్కడెట్టినావే? చెవి మేకుకి తగిలించు. చెవి పక్కింట్లో ఇచ్చీసి రా." తల మీద చెవిని కూడా చెవే అంటారని నాకు తెలియక కాదు. ఏ మనిషైనా తన చెవి తీసి ఇస్తాడా? ఇల్లు వేశాడు, ఆ ఇంట్లో ఉండాల్సినవాడు వెళ్ళిపోయాడు, ఆ ఇంటి చెవి ఇల్లు లేని మనిషికి ఇచ్చేశాడు. ఇంతకంటే సబబైన సంగతి నాకు తోచలేదు. పసుపు మావయ్యంత మంచివాడు లేడనుకుని గులాబీ పువ్వులు తింటూ ఇంటికి పోయాను.

ఇల్లు లేని మనిషి నాకు తెలుసు. మా బ్లాకులో అన్నిటికంటే పై అంతస్తులో ఉండే దీదీ. కుమ్హారి దగ్గర పల్లె నుంచి వచ్చిన కోడలు. సన్నగా ఉండేది, పొట్ట మాత్రం ముందుకి వచ్చి ఉండేది. వాళ్ళాయన కోపమొస్తే ఆమెని బయటికి నెట్టి, తలుపుకి తాళం వేసి, చెవి జేబులో వేసుకుని డ్యూటీకి పోయేవాడు. షిఫ్టు అయి అతను తిరిగొచ్చేదాకా దీదీ మెట్ల మీద కూర్చునేది. అమ్మ గ్లాసుడు టీ ఇచ్చి వచ్చేది, నానమ్మ ఊరగాయ ముక్క వేసి అన్నం పంపేది. లోపలికి రమ్మని మాత్రం ఎవరూ అనేవారు కాదు.

"ఆలూమగల తగువు. మనం దూరితే రేపు వాళ్ళొకటైపోతారు, మనమే చెడ్డవాళ్ళం" అనేవాడు నాన్న. మా నాన్న చెడ్డవాడు కాదు. బ్లాకులో అందరూ అలాగే అనేవాళ్ళు.

మే నెల మధ్యలో బాబాయి పెళ్ళికి అందరం ఊరికి బయల్దేరాం. వేసవికి సగం బ్లాకు ఖాళీ అయిపోయేది, నడి అంతస్తు వాళ్ళు అప్పటికే వెళ్ళిపోయారు. నాన్న తాళం వేసి, చెవి జేబులో వేసుకుని, రిక్షాలో పెట్టెలు సర్దుతున్నాడు. మా తాళానికి రెండు చెవులు. రెండోది ఎప్పుడూ ఆ మేకుకి ఉండేది. అది నా పిడికిట్లో ఉంది. దీదీ మెట్ల మీద, గోడకి తల ఆనించి కూర్చుంది. వెళ్ళి ఆమె చేతిలో పెట్టాను.

"యే కా హే నోనీ?" అంది. ఏమిటే పాపా ఇది అని.

"ఇది జాగ్రత్తగా ఉంచు" అన్నాను, తెలుగులోనే. పసుపు మావయ్య అన్నది అదే కదా. తరువాత రిక్షా ఎక్కేశాను.

పెళ్ళి సందడిలో ఆ విషయమే మరిచిపోయాను. మామిడి టెంకలు, పాలకావిళ్ళు, పెదనాన్నల వెక్కిరింతలు. వర్షాలు మొదలవుతుండగా ఒక మధ్యాహ్నం దుర్గ్ స్టేషన్‌లో దిగి ఇంటికి చేరాం. తాళం వేసింది వేసినట్టే ఉంది. నాన్న తన జేబులోంచి చెవి తీసి తలుపు తెరిచాడు.

లోపల్నుంచి పసిబిడ్డ ఏడుపు.

నాన్న తెరిచిన తలుపుని గభాలున మూసేశాడు. క్వార్టర్ నంబరు చూశాడు. మా నంబరే. మళ్ళీ తెరిచాడు. వాము, వెల్లుల్లి, సాంబ్రాణి కలిసిన వాసన గుప్పున కొట్టింది. ముందు గదిలో, చెప్పులు విడిచే మూల, చాప మీద దీదీ లేచి నిలబడి ఉంది. ఆమె చేతుల్లో అమ్మ పాత చీర ముక్కలో చుట్టిన గుప్పెడు ప్రాణి. అమ్మ చేతిలోంచి మామిడిపళ్ళ బుట్ట జారి, పళ్ళు గదంతా దొర్లాయి. ఎవరూ ఏరలేదు.

నానమ్మకి ముందు నోరొచ్చింది. "ఓలమ్మో, ఓలమ్మో! దేముడి పటం ఎదర పరాయిదాని పురుడేటిరా నానా! తాళం ఏసిన కొంపలోన పురుడేటిరా!"

"చెవి ఎవులిచ్చినారు?" అన్నాడు నాన్న. గొంతు మెల్లగా ఉంది. అదింకా భయం వేసింది. మేకు వంక చూశాడు. ఖాళీ.

దీదీ కళ్ళు నా మీద పడ్డాయి.

"నేనే" అన్నాను. "టీచరమ్మ చెప్పింది. పసుపు మావయ్య ఇచ్చేశాడు కదా, అందుకని."

సరిగ్గా అప్పుడే టీచరమ్మ గుమ్మంలోకి వచ్చింది. ఒక చేతిలో టిఫిన్ క్యారియరు, ఇంకో చేతిలో మా రెండో చెవి. తలుపు బార్లా తీసి ఉండడం చూసి అక్కడే ఆగిపోయింది.

అప్పుడు అంతా బయటపడింది. మేము వెళ్ళిన కొద్దిరోజులకి దీదీకి నొప్పులు మొదలయ్యాయట, మెట్ల మీదే. పిడికిట్లో చెవి ఉంది. మా తలుపు తీసుకుని లోపల పడిపోయింది. మూలుగు విని వచ్చిన టీచరమ్మ, చర్చిలో తెలిసిన నర్సుని పిలుచుకొచ్చి పురుడు పోయించింది. తన క్వార్టర్‌కి తీసుకెళితే మొగుడు వచ్చి లాక్కుపోతాడు. తాళం వేసిన ఇంట్లో ఎవరు వెతుకుతారు? అందుకని బయట తాళం వేసి, పూటపూటా తనే తీసి అన్నం పెట్టింది. మొగుడు రోజూ మా తలుపు పక్కనుంచే మెట్లెక్కి పోయాడు. పెళ్ళాం పుట్టింటికి పోయిందనే, ఏడుపు వినబడితే పక్క బ్లాకు బిడ్డదనే అనుకున్నాడు.

నాన్న ముఖం కందిపోయింది. "పిల్లకి తెలుగు నేర్పండమ్మా అని పంపితే, మీరు ఏటి నేర్పినారండీ? ఇళ్ళ చెవులు తీసి ఊళ్ళోవాళ్ళకి పంచీమనా? రేపు ఆడొచ్చి నా కాలర్ పట్టుకుంటే ఎవులు సమాధానం సెప్తారు?"

టీచరమ్మ నా వంక చూసింది. నోరు కొద్దిగా తెరుచుకుంది. ఏదో అనబోయింది. దీదీ వంక చూసింది, బిడ్డ వంక చూసింది, మళ్ళీ నా వంక చాలాసేపు చూసింది. అబద్ధమాడిన పిల్లలని గోడవైపు తిప్పి నిలబెట్టే మనిషి ఆవిడ.

"అవునండి, నేనే నేర్పాను" అంది. "ఆ చిత్రకారుడు తన ఇంటి తాళం చెవి ఇచ్చేశాడు. మీ అమ్మాయి సరిగ్గానే అర్థం చేసుకుంది. తప్పేదైనా ఉంటే నాది."

"ఆలోచన ఉండక్కర్లేదేటండీ!" అన్నాడు నాన్న.

"తల్లీబిడ్డల్ని నేను తీసుకెళతాను. మీ పేరు బయటికి రానివ్వను" అని, క్యారియరు కింద పెట్టి, చెవి నాన్న చేతికి ఇచ్చేసింది.

అప్పటిదాకా శాపనార్థాలు పెడుతున్న నానమ్మ చటుక్కున అడ్డం వచ్చింది. "ఎక్కడికమ్మా ఈ వానలోన పచ్చి బాలింతని లాక్కెళతావు? కాయమైనా పెట్టినావా దానికి? మొకం చూడు, పాలిపోనాది. కూకోవే!" అని దీదీని తన మంచం మీద కూలేసి, బిడ్డని లాక్కుని ఒళ్ళో వేసుకుంది. ఆ సాయంత్రం దాకా తిడుతూనే శొంఠి, మిరియాలు వేసి కాయం నూరింది, తిడుతూనే తినిపించింది.

వాన వెలిశాక దీదీ టీచరమ్మతో వెళ్ళింది. మొగుడికి తెలిసింది. టీచరమ్మ గుమ్మం ముందు నిలబడి అతను అన్న మాటలు కాగితం మీద పెట్టలేను. ఆవిడ తలుపు తీయలేదు. కుమ్హారి నుంచి దీదీ అన్నని పిలిపించి, అతను బిడ్డని ఎత్తుకున్నాకనే చెల్లెల్ని అప్పగించింది. దీదీ మళ్ళీ ఆ మెట్లు ఎక్కలేదు. అన్న ఇంట్లోనే ఉండి కూరగాయలు పండించిందని, కూతురు టీచరైందని చాలా ఏళ్ళకి విన్నాను.

మా క్లాసు మాత్రం ఆగిపోయింది. "కొంపలు కూల్చే చదువు" అన్నారు తెలుగువాళ్ళు. నాన్న అనలేదు గానీ, నన్ను పంపలేదు. మిగతావాళ్ళూ పంపలేదు. పండగలకి ఆవిడని పిలవడం మానేశారు. బడి నుంచి వస్తూ చూసేదాన్ని. వరండాలో చాపలు చుట్టి గోడకి ఆనించి ఉండేవి. ఆవిడ ఒక్కర్తే కుర్చీలో కూర్చుని ఉండేది. నన్ను చూసి చెయ్యి ఊపేది. అమ్మ నా రెక్క పట్టుకుని నడిపించేసేది.

నిన్నటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. చెవి సంగతి నా నోట విన్న క్షణంలోనే ఆవిడకి తెలిసిపోయి ఉండాలి, నేను దేన్ని ఏమనుకున్నానో. నాన్న నిలదీసినప్పుడు ఒక్క మాట చాలు. "నేను చెప్పింది తల మీద చెవి గురించండీ, మీ అమ్మాయికి తెలుగు అర్థం కాలేదు." నాన్న పకపకా నవ్వేవాడు. ఆవిడ మీద మచ్చ ఉండేది కాదు, క్లాసు సాగేది. నేను తెలుగు రాని వెర్రిగుంటనై పోయేదాన్ని. దీదీ, పొరపాటున మా ఇంటికి వచ్చిన మనిషై, బిడ్డని ఎత్తుకుని మెట్లెక్కి మొగుడి దగ్గరికి వెళ్ళిపోయేది. ఆ మాటే ఆవిడ నోటి దాకా వచ్చి ఆగింది. ఆ రోజు నేను కళ్ళారా చూశాను. చూసి కూడా ఇన్నేళ్ళు తెలుసుకోలేదు.

ఆవిడని ఆఖరిసారి దుర్గ్ స్టేషన్‌లో చూశాను. ఉద్యోగం అయిపోయి సొంత ఊరికి వెళ్ళిపోతోంది. నాకప్పటికి పెళ్ళయింది. పెట్టె మోయడానికి వచ్చిన ఆవిడ తమ్ముడు పక్కనే ఉన్నాడు.

"పసుపు మావయ్య కథ గుర్తుందా?" అని అడిగింది.

"ఎందుకు గుర్తులేదు టీచర్? ఇంటి చెవి ఇచ్చేశాడు."

తమ్ముడు ఆశ్చర్యపోయి ఏదో అనబోతే ఆవిడ చేత్తో వారించింది. నా తల మీద చెయ్యి వేసి, కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వింది.

"అవునమ్మా, ఇచ్చేశాడు. ఎవరు వేరేగా చెప్పినా నువ్వు నమ్మకు."

నిన్న ఇంట్లో అందరూ చెప్పారు టీచర్. బొమ్మ కూడా చూపించారు. నేను నమ్మలేదు.